గడియారాల ఇంట్లో ఏడుపు

ఆ ఇంటికి చెడ్డపేరు నిన్నా మొన్నా వచ్చింది కాదు.

వీధి చివర మలుపు తిరిగేచోట ఉంటుంది. రెండే గదులు, వెనక చిన్న పెరడు. ఒకప్పుడు గడియారాలు బాగుచేసే ముసలాయన ఉండేవాడు అందులో. నా అన్నవాళ్ళు ఎవరూ లేని మనిషి. ఒక చలికాలం ఆయన పోతే, పోయిన సంగతి నాలుగు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. గోడ మీది గడియారాలన్నీ ఎప్పట్లాగే గంటలు కొడుతుంటే, లోపల మనిషి పనిచేసుకుంటున్నాడనుకున్నారు. నాలుగో రాత్రి కీ అయిపోయి ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి వీధంతా ఉలిక్కిపడి లేచిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

తర్వాత ఆ ఇంట్లోకి ఎవరూ అద్దెకు రాలేదు. కిటికీలకి చెక్కలు కొట్టేశారు. ఆడుకునే బంతి ఆ పెరట్లో పడితే, పిల్లలు బంతినే వదులుకునేవారు.

అయినా అన్నాళ్ళూ అది వట్టి ఖాళీ ఇల్లే. దెయ్యాల కొంప అయింది మాత్రం ఈ ఏడాదే.

ఏడుపు మొదలైంది.

గట్టిగా కాదు. నోటికి ఏదో అడ్డం పెట్టుకుని ఏడ్చినట్టు... ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ. కొందరు ఆడగొంతు అన్నారు. కొందరు పసిబిడ్డ అన్నారు. అసలు మనిషి గొంతే కాదు పొమ్మన్నారు ఇంకొందరు. ఆ ఇంటికి ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్న టైలరక్కకి నోటి దురుసు ఎక్కువ, భయం తక్కువ. ఆమె దానికి వేళాపాళా కూడా కనిపెట్టింది.

"దెయ్యానికి కూడా డ్యూటీ ఉంది వదినా," అంది ఒకరోజు, చొక్కాకి కాజాలు కుడుతూ. "తొమ్మిది దాటాక ఎక్కుతుంది, పదింటికల్లా దిగిపోతుంది. మా ఆయన కంటే నయం."

ఆ మాట అన్నది లాండ్రీ వదినతో. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆమెని అలాగే పిలుస్తారు.

లాండ్రీ వదిన నవ్వలేదు. "సరే, వస్తా," అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఈ మధ్య ఆమె ఎవరితోనైనా అంతకంటే ఎక్కువ మాట్లాడటం లేదు.

పెద్దాసుపత్రి కింది అంతస్తులో, బట్టలుతికే మిషన్ల దగ్గర ఆమె పని. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. వార్డుల నుంచి బండ్ల మీద దుప్పట్లు, గౌన్లు, గలీబులు దిగివస్తాయి. వేరు చేయాలి, మరిగే నీళ్ళలో వేయాలి, ఆరాక మడతపెట్టాలి. పదిహేడేళ్ళుగా అదే పని. ఆ నీళ్ళలో ఒక్కసారి పడ్డాక ఏ బట్టకీ ఎవరి వాసనా మిగలదన్న సంగతి ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఏడు నెలల కిందట, అదే ఆస్పత్రిలో, నాలుగో అంతస్తులో ఆమె కూతురు పోయింది. ఒక్కతే కూతురు. పందొమ్మిదేళ్ళు. రక్తంలో జబ్బు. మూడు నెలలు మంచం మీద ఉంది. పైన కూతురు పడుకున్న దుప్పట్లు కింద తల్లే ఉతికింది. ఏది ఎవరిదో పోల్చుకోవడానికి వీల్లేదు, అన్నీ తెల్లవే. అయినా ఆ మూడు నెలలూ చేతిలోకి వచ్చిన ప్రతి దుప్పటినీ ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని గానీ మిషన్లో వేయలేదు.

ఇంట్లో అమ్మలు అని పిలుచుకునేవారు.

ఆమె భర్త బస్సుల డిపోలో మెకానిక్కు. రాత్రి డ్యూటీ, పది నుంచి ఆరు. ఆమె ఇల్లు చేరేసరికి ఆయన ఉండడు. ఆయన వచ్చేసరికి ఆమె నిద్రలో ఉంటుంది. పగలు ఆయన పడుకుంటాడు. ఇంజన్ల మోతకి సగం చెవులు పోయాయి కాబట్టి ఇంట్లో గిన్నె పడినా కదలడు. అమ్మలు పోయిన రోజున ఆయన కంట చుక్క నీరు రాలేదు. కాగితాల మీద సంతకాలు పెట్టాడు, బండి మాట్లాడాడు, వచ్చినవాళ్ళకి కుర్చీలు వేశాడు. గుండె రాయి చేసుకున్నాడని వీధిలో అనుకున్నారు. చేసుకోలేదు, ముందు నుంచీ రాయేనేమో అని ఆమె మనసులో అనుకుంది. ఆ తర్వాత వాళ్ళ మధ్య మాటలంటే... పాలు అయిపోయాయి. గ్యాసు వచ్చింది. అంతే.

ఇంకా ఇద్దరున్నారు ఆ ఇంట్లో. రెండు పిల్లులు. రెండూ అమ్మలు తెచ్చినవే.

పెద్దది హెడ్మాస్టరు. బూడిదరంగు ఒళ్ళు, లావు పొట్ట, ఎవరిని చూసినా తప్పు పట్టేలాంటి చూపు. చిన్నది మిరపకాయ. ఎర్రటిది. దాని పేరు దానికి తగినదే. ఏడు నెలలుగా ఆ రెండూ చేసే పని ఒక్కటే... మూసి ఉన్న అమ్మలు గది తలుపు ముందు కూర్చోవడం. తినడానికి లేస్తాయి, మళ్ళీ వచ్చి కూర్చుంటాయి.

అవి అలా కూర్చుంటే తను చూడలేకపోతున్నానని, ఎవరికైనా ఇచ్చేద్దామని భర్త ఒకసారి అన్నాడు. ఆమె వాటి ప్లేట్లు తుడిచి బోర్లించింది. ఎవరికీ ఇవ్వలేదు.

టైలరక్క మాట విన్న రోజు నుంచి ఆమెకి ఒక ఆలోచన పట్టుకుంది.

దెయ్యాలంటే ఆమెకి ఎప్పుడూ నమ్మకం లేదు. కానీ ఆ ముసలాయన పోయి కూడా ఆ ఇంట్లో ఉండగలిగితే... అమ్మలు కూడా ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. అంతే ఆమె లెక్క. పెద్దగా ఏం అక్కర్లేదు. ఒక్క గుర్తు చాలు. ఒక్క అలికిడి. వీధిలో అందరూ ఆ మలుపు దగ్గర కాళ్ళకి బుద్ధి చెబుతుంటే, ఆమె రోజూ పదీ పావుకి డ్యూటీ నుంచి వస్తూ అక్కడే నడక తగ్గించేది. నిలబడేది. చెవులు రిక్కించేది.

ఏమీ వినబడేది కాదు. దెయ్యం డ్యూటీ దిగిపోయి ఉండేది.

ఒక వాన రాత్రి వినబడింది.

సన్నగా... సాగదీసి... ఆగి, మళ్ళీ.

ఆమె గొడుగు మడిచేసింది, సరిగ్గా వినడానికి. వెనక పెరటి వైపు నుంచి. గేటుకి గొళ్ళెం బదులు ఒక తీగ మెలిపెట్టి ఉంది. తీగ విప్పింది. వెనక తలుపు తోస్తే తెరుచుకుంది. ఫోను లైటు వేసింది.

గడియారాలు ఇంకా గోడ మీదే ఉన్నాయి. దుమ్ము పట్టిపోయి, ఒక్కోటీ ఒక్కో వేళ దగ్గర ఆగిపోయి. ముసలాయన పనిచేసిన బల్ల ఉంది. ఆ బల్ల కింది నుంచి వస్తోంది ఏడుపు.

"అమ్మలూ..." అంది ఆమె. అనుకోకుండానే వచ్చేసింది నోట్లోంచి.

ఏడుపు ఆగింది.

బల్ల కింద రెండు పచ్చటి చుక్కలు వెలిగాయి. కదిలాయి. ముందుకొచ్చాయి...

పిల్లి.

నలుపూ తెలుపూ. ఒక చెవి సగం తెగిపోయి ఉంది. డొక్కలు లెక్కపెట్టొచ్చు.

ఆమె ఆ దుమ్ములోనే కూలబడిపోయింది. భయంతో కాదు. వట్టి పిల్లే అయినందుకు.

పిల్లికి ఆమె బాధ ఏం తెలుసు. దగ్గరికి వచ్చింది. ఆమె చేతిని చాలాసేపు వాసన చూసింది. తర్వాత తిన్నగా ఒళ్ళోకెక్కి, ముందునుంచీ తెలిసినట్టు ముడుచుకుని పడుకుంది. పక్కన ఒక ప్లేటు, అందులో రొట్టె తునకలు. ఎవరో పెడుతున్నారన్నమాట. వీధి పిల్లలెవరో అనుకుంది.

ఎందుకు తెచ్చావని ఎవరైనా అడిగితే ఆమె చెప్పలేకపోయేది. అంత దూరం వెళ్ళి ఖాళీ చేతులతో వెనక్కి రాలేకపోయింది, అంతే. శాలువాలో చుట్టి, గేటు తీగ మళ్ళీ మెలిపెట్టి, ఇంటికి తెచ్చింది.

గడప దగ్గరే రసాభాస. హెడ్మాస్టరు తోక సీసా తోమే బ్రష్షులా ఉబ్బిపోయింది. మిరపకాయ అల్మరా మీదకెక్కి బుసకొట్టింది. కొత్తది శాలువాలోంచే వాటిని మించి అరిచింది. ఇంకో నిమిషం ఆలస్యమైతే ఆ రాత్రి నెత్తురు కళ్ళజూడాల్సి వచ్చేది.

అప్పుడు గుర్తొచ్చింది. మిరపకాయని తెచ్చినప్పుడు అమ్మలు ఇంట్లో పది రోజుల చట్టం పెట్టింది. కొత్తదాన్ని వేరే గదిలో ఉంచాలి. దీని గుడ్డ దానికి, దాని గుడ్డ దీనికి మార్చాలి. మూసిన తలుపుకి అటొక ప్లేటు, ఇటొక ప్లేటు పెట్టి ఒకే వేళకి తిండి పెట్టాలి. ఎప్పుడు తీస్తావే తలుపు, కాళ్ళకి అడ్డం పడుతోంది అని ఆమె విసుక్కుంటే, అమ్మలు చీపురు పట్టుకుని కాపలా కాస్తూ అంది:

"కొత్తది ముందు వాసనగా రావాలమ్మా. తర్వాత గొంతుగా రావాలి. ఆఖర్న పిల్లిగా రావాలి. అన్నీ ఒకేసారి వస్తే ఎవరికైనా కోపమే."

వేరే గది.

ఆ ఇంట్లో ఉన్నవి వంటిల్లు, ముందుగది, అమ్మలు గది. ముందుగదిలో పగలు భర్త పడుకుంటాడు. వంటింటికి తలుపు లేదు.

ఏడు నెలలుగా ఆమె ఆ తలుపు తీయలేదు. తీసిన ప్రతిసారీ లోపలి వాసన కొంచెం కొంచెం బయటికి పోతుందని. తలనూనె, పుస్తకాలు, జ్వరం మందు, అమ్మలు. అన్నీ కలిసిన ఆ వాసన. శాలువాలో పిల్లి గింజుకుంటుంటే ఆమె తలుపు ముందు నిలబడింది. తర్వాత ఊపిరి బిగబట్టి, మనిషి పట్టేంత సందు మాత్రం తీసి, లోపలికి జారి, వెంటనే మూసేసింది.

లోపల ఊపిరి వదిలి, మళ్ళీ పీల్చింది.

ఉంది. ఇంకా ఉంది.

భర్తకి చెప్పలేదు. ఉన్న రెండింటినే ఇచ్చేద్దామన్న మనిషికి ఇంకొకటి తెచ్చానని ఏం చెబుతుంది. ఆయన ఎలాగూ ఆ గది వైపు తలెత్తి చూడడు. ఒక రేకు ట్రేలో ఇసుక పోసి లోపల పెట్టింది. పొద్దున్నే ఆయన గురక మొదలయ్యాక మార్చేది. తలుపుకి అటొక ప్లేటు, ఇటొక ప్లేటు పెట్టింది.

రోజులు గడిచాయి గానీ పని జరగలేదు. కొత్తదాన్ని తుడిచిన తువ్వాలు తెచ్చి హెడ్మాస్టరు దగ్గర పెడితే, దాన్ని ఒకసారి వాసన చూసి, వెనక్కి తిరిగి, ఇసుక కప్పెట్టినట్టు కాలితో తన్నాడు. మిరపకాయ తలుపు కింది సందులోంచి పంజా దూర్చి కొత్తదాని ముక్కు గీరింది. ఇలా అయితే పది రోజులు కాదు, పదేళ్ళకి కూడా కలవవు.

అయిదో రోజున ఆమెకి ఆ ఆలోచన వచ్చింది.

అమ్మలు గదిలో, తలుపు వెనక కొక్కేనికి, నీలం స్వెట్టరు ఉంది. ఆస్పత్రికి వెళ్ళే ముందు రోజు దాకా వేసుకున్నది. బతుకంతా జనం బట్టలుతికిన ఆమె ఆ ఇంట్లో ఉతకకుండా దాచిన బట్ట అదొక్కటే. దాన్ని కొత్తదాని కింద పరిస్తే... దాని ఒంటికి అమ్మలు వాసన పడుతుంది. అమ్మలు వాసన ఉన్నదాన్ని ఆ రెండూ కాదనవు.

లాండ్రీ మనిషి కదా, గుడ్డల సంగతి తనకి తెలుసనుకుంది.

రెండు రోజులు కొత్తది స్వెట్టరు మీద పడుకుంది. మూడో రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక స్వెట్టరు తీసుకొచ్చి ముందుగదిలో నేల మీద పరిచింది.

హెడ్మాస్టరు వచ్చాడు. ముక్కు ఆనించాడు. కదలకుండా నిలబడిపోయాడు. తర్వాత ముఖమంతా అందులో దూర్చేసి, రెండు కాళ్ళతో పిండి పిసికినట్టు పిసకడం మొదలుపెట్టాడు. మిరపకాయ అల్మరా మీంచి దూకి వచ్చింది. బుస లేదు, గోళ్ళు లేవు.

పని జరిగిందనుకుని ఆమె తృప్తిగా చూస్తోంది.

అప్పుడు రెండూ ఒకేసారి తల ఎత్తి తలుపు వైపు చూశాయి.

పరిగెత్తాయి. తలుపు ముందు నిలబడి పిలవడం మొదలుపెట్టాయి. అరుపు కాదు... ఆ పిలుపు వేరు. ఆ పిలుపు ఆమె విని పది నెలలు దాటింది. తనకి సెలవున్న రోజు సాయంత్రం కాలేజీ నుంచి అమ్మలు వచ్చి చెప్పులు విప్పుతుంటే గడప దగ్గర పిలిచేవి చూడండి, అది. తాజాగా వాసన వచ్చింది కాబట్టి, అమ్మలు వచ్చేసింది అనుకున్నాయి. లోపలే ఉంది అనుకున్నాయి. ఎందుకు తలుపు తీయడం లేదో వాటికి అర్థం కాలేదు.

పదకొండు అయింది. పన్నెండు అయింది. ఒంటిగంట. రెండూ ఆగలేదు. గోకి గోకి మిరపకాయ గోరు ఒకటి విరిగి తలుపు చెక్కలో ఉండిపోయింది.

రెండింటికి ఆమె ఇంక భరించలేకపోయింది. తలుపు బార్లా తీసేసింది.

కొత్తది మంచం కింద నక్కి, దెబ్బలాటకి సిద్ధంగా ఒళ్ళు ఉబ్బించుకుంది. ఆ రెండూ దాని వైపు చూడను కూడా చూడలేదు. దాని పక్కనుంచే దూసుకుపోయాయి. మంచం మీద వెతికాయి. మంచం కింద. పుస్తకాల బల్ల వెనక. కిటికీ తెర వెనక. మళ్ళీ మంచం మీద. మిరపకాయ దిండు కింద తల దూర్చి చూసింది. హెడ్మాస్టరు అంత పొట్టతో బట్టల అల్మరా పై అరకి ఎక్కాడు, అక్కడ చూసి, దిగాడు. వెతికిన చోటే మళ్ళీ వెతికాడు.

ఆఖరికి గది మధ్యలో కూర్చుని ఆమె ముఖంలోకి చూశాడు.

"లేదురా," అంది ఆమె.

ఆ మాట అంతవరకూ ఆమె ఎవరితోనూ అనలేదు. వచ్చినవాళ్ళందరూ ఆమెతో అన్నారు గానీ, ఆమె నోటితో అనడం అదే మొదటిసారి.

స్వెట్టరు తీసి ముఖానికి అదుముకుంది. పిల్లుల వాసన. మూడు పిల్లుల వాసన, ఇసుక వాసన, చేప వాసన. మడతలు విప్పి చూసింది, లోపలి వైపు తిప్పి చూసింది. లేదు. గదిలోకి ఊపిరి పీల్చింది... తలుపు బార్లా తీసి ఎంతసేపైందో. లేదు. మరిగే నీళ్ళు కూడా అక్కర్లేకపోయింది. తన చేతులతో తనే పోగొట్టుకుంది.

తెల్లారేసరికి మూడు పిల్లులూ అమ్మలు మంచం మీద ఒకదానికొకటి ఆనుకుని పడుకుని ఉన్నాయి. కలిసిపోయాయి. భర్త వచ్చే వేళకి ఆమె తలుపు దగ్గరగా వేసేసింది.

తలుపు ముందు పిల్లులు ఎందుకు లేవని ఆయన అడుగుతాడనుకుంది. అడగలేదు. ఆయన ముఖం ఈ వారంలో ఇంకా పీక్కుపోయినట్టుంది. అన్నం సగం వదిలేసి పడుకున్నాడు.

మర్నాడు డ్యూటీకి వెళ్తుంటే టైలరక్క చేయి పట్టుకుని పక్కకి లాగింది. ఈసారి జోకులు లేవు.

"వారం రోజులుగా అది మారిపోయింది వదినా," అంది గొంతు తగ్గించి. "ముందు ఏడుపొక్కటే. ఇప్పుడు... మాట్లాడుతోంది. ఎవర్నో బతిమాలుతున్నట్టు. నేను ఎనిమిదిన్నరకే షట్టరు దించేస్తున్నాను. నువ్వు కూడా అటు రాకు, చుట్టు తిరిగి రా."

లాండ్రీ వదిన నిలబడిపోయింది.

ఆ ఇంట్లో ఏడ్చింది పిల్లి అనుకుంది తను. ఆ పిల్లి తన ఇంట్లో, మంచం మీద పడుకుని ఉంది. మరి అక్కడ ఏడుస్తున్నదెవరు...

వద్దు వద్దనుకుంటూనే మళ్ళీ పాత లెక్క మొదలైంది. వారం రోజులుగా మారిందట. అంటే, తను వెళ్ళి అమ్మలూ అని పిలిచి వచ్చిన దగ్గర్నుంచి. పిలిస్తే వచ్చిందా. వచ్చి, ఆ చీకట్లో తనని వెతుక్కుంటోందా. ఇంటి దారి తెలియక...

రెండు రోజులు మనసుకి సర్దిచెప్పుకుంది. మూడో రోజు చలి ఎక్కువగా ఉంది. దాచుకోవడానికి అందులో ఇంకేం మిగల్లేదు గనక, నీలం స్వెట్టరు తొడుక్కుని పనికి వెళ్ళింది. ఎనిమిదిన్నరకి నీళ్ళు మరిగే బాయిలరు గొట్టం కారిపోయి, నేలంతా ఆవిరి. సూపర్వైజరు అందర్నీ ఇళ్ళకి పొమ్మన్నాడు.

తొమ్మిదీ ఇరవైకి ఆమె మలుపు దగ్గరికి వచ్చింది.

టైలరక్క షట్టరు దించి ఉంది. వీధిలో పిట్ట కూడా లేదు.

వినబడింది.

పిల్లిది కాదు. అది మనిషి ఏడుపు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని... ఆగి... ఊపిరి పీల్చుకుని...

పెరటి గేటు దగ్గరికి వెళ్ళింది. తీగ అప్పటికే విప్పి ఉంది.

ఫోను లైటు వేయలేదు. వెలుగు పడితే పోతుందేమోనని. వెనక తలుపు మెల్లగా తోసింది. వీధి దీపం వెలుతురు పెరటి గోడ దాటి ఆమె వీపు మీద పడుతోంది. లోపలంతా చీకటి. గడియారాల అద్దాలు మాత్రం అక్కడక్కడా మెరిశాయి.

ఏడుపు ఆగింది.

బల్ల పక్కన, నేల మీద, ఏదో ఉంది. మనిషంత ముద్ద. అది తల ఎత్తింది.

ఆమె పిలవబోయింది.

అంతలో చీకట్లోంచి గుసగుసగా గొంతు వచ్చింది.

"వచ్చావా అమ్మలూ..."

ఆమె తలుపు పట్టుకుంది.

"నాకు తెలుసమ్మా, పిల్లిని నువ్వే తీసుకెళ్ళావని. ఆ రోజు ప్లేటు శుభ్రంగా తుడిచి బోర్లించి ఉంది. నువ్వు తప్ప ఎవరు పెడతారలా? దాన్ని నువ్వు ఇక్కడ దాచి సాకుతున్నావని మీ అమ్మకి చెప్పలేదు. రెండు చాలు, మూడోది గడప తొక్కితే ఊరుకోనంది కదా, నువ్వు చెప్పొద్దన్నావు కదా... ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రిలో నీకు మాటిచ్చినట్టే రోజూ పెట్టాను. ఒక్క రోజు తప్పలేదు తల్లీ." నోటికి గుడ్డ అదుముకున్న చప్పుడు. గొంతు మళ్ళీ వచ్చింది. "పిల్లి కోసం వచ్చావు. నా కోసం కూడా వస్తావనే రోజూ కూర్చుంటున్నా."

ఇంజను నూనె వాసన వచ్చింది ఆమెకి. నేల మీద ఒక టిఫిను డబ్బా మెరిసింది. ఇరవై రెండేళ్ళుగా తను కడిగి ఇస్తున్న డబ్బా.

తొమ్మిదికి ఎక్కి పదికి దిగే దెయ్యం. ఆ తర్వాత డిపోకి పోయి బస్సుల కింద పడుకునే దెయ్యం.

ఆ రాత్రి పిల్లిని శాలువాలో చుట్టే ముందు, తనే ఆ ప్లేటులో తునకలు దులిపి, కొంగుతో తుడిచి, బోర్లించింది. ఏ ఇంట్లో ఉన్నా చేతులకి అలవాటైన పని. కూతురికి నేర్పింది కూడా తనే.

ఆయన లేవడానికి ప్రయత్నిస్తున్నాడు. మోకాళ్ళ మీద ఉన్నాడు. నీలం స్వెట్టరు వైపు చేయి చాచి ఉన్నాడు. దగ్గరికి రావడానికి భయపడుతున్నాడు — దెయ్యానికి కాదు, మాయమైపోతుందని.

నోరు మూసుకుని రెండడుగులు వెనక్కి వేస్తే చాలు. చీకట్లో కలిసిపోవచ్చు. అమ్మలు వచ్చిందని, ఒకసారి కనిపించిందని, ఆయన బతికినన్నాళ్ళూ పెట్టుకుంటాడు ఆ మాట. తనకి ఎవరూ ఇవ్వనిది ఆయనకి తను ఇవ్వొచ్చు. ఒక కాలు వెనక్కి వేసింది కూడా.

కానీ రేపు మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. ఎల్లుండి కూడా. మంచం కింద చూస్తాడు, తెర వెనక చూస్తాడు, వెతికిన చోటే మళ్ళీ వెతుకుతాడు.

"నేనండీ," అంది.

ఆయనకి వినబడలేదు. చేయి ఇంకా చాచే ఉంది.

ఆ మాటని రెండోసారి చెప్పాల్సి వచ్చింది. గట్టిగా.

"నేనండీ. అమ్మలు కాదు. పిల్లిని నేనే తీసుకెళ్ళాను."

చేయి మెల్లగా కిందికి దిగింది.

ఎంతసేపో తెలియదు. ఆ గోడ మీద వేళ చెప్పేది ఏదీ లేదు. ఆమె వెళ్ళి ఆయన పక్కన దుమ్ములో కూర్చుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి భుజాలు అలా కదలడం ఆమె చూడలేదు. తను కూడా ఆయన ముందు ఏడవలేదని అప్పుడు గుర్తొచ్చింది. చేయి వేయబోయి, ఎక్కడ వేయాలో తెలియక, టిఫిను డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఆయన ముక్కు చీదుకున్నాడు. అటు తిరిగే అడిగాడు.

"తింటోందా?"

"తింటోంది," అంది, ఆయనకి వినబడేలా.